ఐస్ బాక్స్‌లో కిడ్నీ: అపోహలు - వాస్తవాలు

ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌లో పనిచేస్తాను కాబట్టి థియేటర్ బయట బంధువులు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. దాత నుంచి తీసిన కిడ్నీని ఇంకొకరికి పెట్టేదాకా ఎలా కాపాడతారన్న విషయంలోనే ఎక్కువ అపోహలున్నాయి.

అపోహ: ఐస్‌లో ఉంది కదా, తెల్లారాక పెట్టినా ఏం కాదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు కూడా పులుస్తుంది, కాకపోతే ఆలస్యంగా. కిడ్నీ సంగతీ అంతే. నాలుగు డిగ్రీల దగ్గర కణాల అవసరాలు మామూలులో పదో వంతుకు పడిపోతాయి కానీ పూర్తిగా ఆగవు. ఆక్సిజన్ అందక సోడియం, పొటాషియంలను అదుపులో ఉంచే పంపులు మందగిస్తాయి. సోడియం లోపలికి చేరుతుంది, దాని వెంటే నీరూ వెళ్లి కణం ఉబ్బుతుంది. అందుకే వట్టి సెలైన్ చాలదు. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో బెల్జర్, సదర్డ్ తయారుచేసిన యూడబ్ల్యూ ద్రావణంలో లాక్టోబయోనేట్, రాఫినోజ్ ఉంటాయి. అవి కణం లోపలికి పోలేవు, నీటిని బయటే పట్టి ఉంచుతాయి. జర్మనీలో గుండె ఆపరేషన్ల కోసం పుట్టిన హెచ్‌టీకే ద్రావణాన్ని కూడా వాడతారు.

లోపలి రక్తం కడిగేయడానికి కిడ్నీ రక్తనాళాల్లోకి ద్రావణం ఎక్కిస్తుంటే దగ్గరుండి చూడాలి. బయటికి వచ్చే ద్రవం మొదట ఎర్రగా, తర్వాత లేత గులాబీ రంగులో, చివరికి నీళ్లలా వస్తుంది. ముదురు ఎరుపులో ఉన్న కిడ్నీ పాలిపోతుంది. అలా పాలిపోవడమే మాకు కావాలి. ఎక్కడైనా నల్లటి మచ్చ మిగిలితే అక్కడికి ద్రవం చేరలేదని అర్థం, అప్పుడే మాకు టెన్షన్.

ఇంత చేసినా గుండెకు నాలుగైదు గంటలే గడువు. కిడ్నీని 24 గంటల లోపే పెట్టాలని చూస్తాం. 36 గంటల దాకా లాగిన సందర్భాలున్నాయి కానీ గంట గంటకూ రిస్క్ పెరుగుతూనే ఉంటుంది. దాత కిడ్నీ రోగి ఒంటికి సరిపడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షకే అందులో కొన్ని గంటలు పోతాయి. కాబట్టి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నవాళ్లు ఫోన్ స్విచ్ఛాఫ్ చేయకండి, ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా ఇవ్వండి.

అపోహ: ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచుకోవచ్చు.

వాస్తవం: గడ్డకడితే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. కిడ్నీకి ఐస్ నేరుగా తగలనివ్వం కూడా. ద్రావణం ఉన్న సంచిలో పెట్టి, దానిపై ఇంకో రెండు సంచులు తొడిగి, ఆ తర్వాతే ఐస్‌లో ఉంచుతాం. 2023లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ఎలుక కిడ్నీలను స్ఫటికాలు ఏర్పడకుండా అతిశీతలంలో వంద రోజుల దాకా దాచి, మళ్లీ వేడిచేసి అమర్చారు. అవి పనిచేశాయి. నాకు చాలా ఆశ కలిగించిన పరిశోధన ఇది. మనుషుల కిడ్నీ దాకా రావడానికి ఇంకా టైమ్ పడుతుంది.

అపోహ: ఇంట్లో చనిపోయినా కళ్లలాగే కిడ్నీలూ ఇవ్వొచ్చు.

వాస్తవం: కళ్లను ఆరు గంటల దాకా తీసుకోవచ్చు. కిడ్నీ అలా కాదు. రక్తం ఆగిపోయి, శరీరం వెచ్చగానే ఉండగా గడిచే ప్రతి నిమిషం దాన్ని దెబ్బతీస్తుంది. అందుకే మన దగ్గర ఎక్కువగా ఐసీయూలో బ్రెయిన్ డెడ్ అయి, గుండె ఇంకా కొట్టుకుంటున్నవారి నుంచే తీసుకుంటారు. అంత దుఃఖంలోనూ సరేనన్న ఆ కుటుంబాలకు చేతులెత్తి దండం పెట్టాలి.

అపోహ: మెషిన్‌లో పెడితే పాడైన కిడ్నీ కూడా బాగవుతుంది.

వాస్తవం: ఐస్ బాక్స్‌కు బదులు చల్లటి ద్రావణాన్ని పంపు చేస్తూ ఉండే మెషిన్లున్నాయి. 2009లో యూరప్‌లో 336 మంది దాతల విషయంలో ఒక కిడ్నీని మెషిన్‌లో, రెండోదాన్ని ఐస్‌లో ఉంచి చూశారు. ఆపరేషన్ తర్వాత కిడ్నీ ఆలస్యంగా మేల్కొనడం ఐస్‌లో 26.5 శాతం, మెషిన్‌లో 20.8 శాతం. మేలైన మాట నిజమే. కానీ చెడిపోయినదాన్ని అది బాగుచేయదు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక మూత్రం రాలేదంటే కిడ్నీ పోయినట్టే.

వాస్తవం: చలిలో గంటలు గడిపిన కిడ్నీ కొన్నిసార్లు వెంటనే పనిచేయదు. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ బాగుంటే డయాలసిస్ చేస్తూ ఆగుతాం, అవసరమైతే బయాప్సీ తీస్తాం. కొన్ని రోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు వారాల్లో చాలావరకు దారికొస్తుంది. అందుకే ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతిని ఆపరేషన్ తర్వాత కూడా జాగ్రత్తగా చూసుకోండి. రక్తపరీక్షకు ఆ చేతికి సూది గుచ్చనివ్వకండి, బీపీ పట్టీ కట్టనివ్వకండి.