చుట్టూ సముద్రం ఉంటే తిండికి లోటుండదా? కిరిబాటి గురించి అపోహలు - వాస్తవాలు

పోషకాహార రంగంలో పనిచేస్తూ కొంతకాలం కిరిబాటిలో ఉన్నాను. రాయడం కిరిబాటి అని రాసినా, అక్కడివాళ్లు పలికేది కిరిబాస్. పసిఫిక్ మధ్యలో, భూమధ్యరేఖకు అటూ ఇటూ చెదిరిన 33 దీవుల దేశం అది. అన్నీ కలిపినా నేల 811 చదరపు కిలోమీటర్లే. జనం లక్షా ఇరవై వేల దాకా ఉంటారు, అందులో సగం మందికి పైగా దక్షిణ టరావా అనే సన్నటి పట్టీ మీదే కాపురం. ఆ దేశం పేరెత్తగానే మనవాళ్లు అనే మాటలూ, సలహాలివ్వడానికి విమానం దిగేవాళ్లు వేసుకొచ్చే లెక్కలూ ఇంచుమించు ఒక్కటే.

అపోహ: చుట్టూ సముద్రమే కదా, తిండికి కొదవేమిటి?

చేప ఉంది, బాగానే తింటారు. మాంసకృత్తుల గురించి నాకు పెద్దగా దిగులు లేదు. కాకపోతే ఆ సముద్రంలో దొరికే ట్యూనాలో ఎక్కువ భాగం విదేశీ ఓడలు పట్టుకుపోతాయి. సర్కారుకు వచ్చే రాబడిలో పెద్ద వాటా ఆ అనుమతుల రుసుమే. జనం కిక్కిరిసిన టరావా మడుగులో గుల్లలు ఏరి ఏరి తగ్గిపోయాయి. అసలు లోటు ఆకులో, పండులో ఉంది. పళ్లెంలో అన్నం, చేప ఉంటాయి, పచ్చటిది మాత్రం కనిపించదు. 1980ల చివర్లో పిల్లల కళ్లు పరీక్షిస్తే ఎ విటమిన్ లోపం వల్ల రేచీకటి వచ్చినవాళ్లు ఎంతోమంది తేలారు. సముద్రం ఒడ్డునే, చేప తింటూనే!

అపోహ: పగడపు ఇసుకలో ఏదీ మొలవదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. వందల ఏళ్లుగా అక్కడివాళ్లు పండించుకుంటున్నదాన్ని ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తుంది.

వాన నీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద పొరలా తేలి నిలుస్తుంది. ఆ తీపినీటి పొర తగిలేదాకా గొయ్యి తవ్వి, అడుగున ఒక రకం పెద్ద చేమ నాటుతారు. దాని పేరు వింటే మనకు 'బాబాయి' అని పిలిచినట్టే ఉంటుంది. మొక్క చుట్టూ చాపలా బుట్ట అల్లి, అందులో ఆకులు, మట్టి నింపి కుళ్లనిస్తారు. దుంప ఊరడానికి ఏళ్లు పడుతుంది. సరిగా ఉడక్కపోతే మన కందలాగే గొంతు దురద. ఏ చెట్టు ఆకు ఎప్పుడు వెయ్యాలి అన్నది ఒక్కో కుటుంబం దాచుకున్న విద్య.

ఒక ఉనిమ్వానే, అంటే ఊరి పెద్దాయన, తుప్పు పట్టిన డబ్బా రేకులు గోతిలో పాతడం చూసి మొదట్లో నాకు అర్థం కాలేదు. పగడపు నేలలో క్షారం ఎక్కువ. అందువల్ల ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఆకు పసుపు తిరుగుతుంది. కుళ్లే ఆకుల పుల్లదనంతో కలిసి ఆ తుప్పు మొక్కకు పనికొస్తుంది. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, చేసిన పని మాత్రం నూటికి నూరు పాళ్లూ సరైనది.

చేమ ఒక్కటే కాదు. మన మొగలి జాతి చెట్టే అక్కడ పండు కోసం పెరుగుతుంది. గుజ్జు ఎంత ముదురు నారింజ రంగులో ఉంటే ఎ విటమిన్‌గా మారే పదార్థం అంత ఎక్కువ. ఆ గుజ్జును ఉడికించి, పలచగా పరిచి ఎండబెడితే 'తువాయే' అవుతుంది, అచ్చం మన మామిడి తాండ్రే. నెలల తరబడి నిలవ ఉంటుంది. సీమపనస ఉంది, మునగ నాటితే బతుకుతుంది, గంగవావిలి కూర ఇసుకలో దానంతట అదే మొలుస్తుంది. దాన్ని కలుపు అని పీకిపారేసేవాళ్లకు తినే కూర అని చెప్పడమే అక్కడ నాకు దొరికిన అతి చౌక వైద్యం.

అపోహ: కొబ్బరి కల్లు అంటే తాగుడే.

పొద్దునా సాయంత్రం చెట్టెక్కి గీసే తాజా కల్లును 'కరేవే' అంటారు. మన నీరాలాంటిది, మత్తు ఉండదు, పిల్లలకూ పోస్తారు. పళ్లు అరుదైన చోట సి విటమిన్ దొరికే ముఖ్యమైన దారుల్లో అదొకటి, తిండిలోని ఇనుము ఒంటబట్టడానికి కూడా తోడ్పడుతుంది. దాన్నే కాచి పాకం చేస్తే 'కమాయిమాయి'. అది మటుకు చక్కెర కిందే లెక్క. మధుమేహం ఉన్నవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

అపోహ: బియ్యం ఓడ వస్తే ఆహార భద్రత ఉన్నట్టే.

2023 జూలైలో భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ప్రపంచ విపణిలో ధర ఎగబాకింది. మన దగ్గర తీసుకున్న ఒక నిర్ణయం అంత దూరంలో, బియ్యమంతా కొనుక్కునే దీవుల మీద ఇలా పడుతుంది. ఓడ ఆలస్యమైతే బయటి దీవుల్లో దుకాణం అరలు ఖాళీ. తెల్లన్నం, మైదా, చక్కెర, డబ్బా మాంసం ఆకలి తీరుస్తాయి, అంతవరకే.

అపోహ: లావుగా ఉన్నవాళ్లకు పోషకాహార లోపం ఏమిటి?

రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో చూశాను. తల్లికి బరువు, మధుమేహం, రక్తహీనత. ఒడిలో బిడ్డ వయసుకు తగ్గ పొడవు లేదు. పొట్ట నిండింది, పోషణ అందలేదు.

అపోహ: సముద్రమట్టం పెరిగి ఎలాగూ మునిగిపోయే దేశం, ఇప్పుడు పంటలెందుకు?

అనోటే టోంగ్ అధ్యక్షుడిగా ఉండగా, 2014లో కిరిబాటి ఫిజీలోని వనువా లేవు దీవిలో సుమారు 20 చదరపు కిలోమీటర్ల భూమి కొనుక్కుంది. జనం తరలిపోవడానికే అని చాలామంది రాశారు. తిండి పండించుకోవడం కూడా ఆ కొనుగోలుకు ఒక కారణమని అంతగా వినపడలేదు. ముప్పు నిజమే. పోటు కెరటం గోతిలోకి వస్తే దుంప కుళ్లిపోతుంది, ఆ ఉప్పు వానలకు కడుక్కుపోవడానికి ఏళ్లు పట్టవచ్చు. పసిఫిక్ మధ్యలో సముద్రం మామూలుకన్నా చల్లబడే లా నిన్యా ఏడాదిలో ఆ వానలూ మొహం చాటేస్తాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం గొయ్యి అలాగే ఉప్పుబారింది. వాళ్లు బతికున్న పిలకలు కోసి, పక్క ఊళ్లో మేనమామ గోతిలో నాటి వచ్చారు. నేను తిరిగి వచ్చేసే వారం ఇంటి ఇల్లాలు పాత గోతిలో నీళ్లు చేత్తో తీసి నోట్లో వేసుకుని, ఇంకా ఉప్పగానే ఉన్నాయంది. పిలకలు మాత్రం మేనమామ గోతిలో కొత్త ఆకు వేశాయట.