మొదటి మంచు పడేలోపు టైర్ల సంగతి

చిరంజీవులకు,

ఆశీస్సులు. చదువుకోడానికి కెనడాలోని ఒంటారియో వచ్చిన మీరు నలుగురూ కలిసి సెకండ్ హ్యాండ్ కారు ఒకటి చూస్తున్నారని తెలిసింది. మంచిదే. "ఆల్ వీల్ డ్రైవ్ కారైతే చలికాలం టెన్షన్ ఉండదు కదా పెదనాన్నా?" అని మొన్న అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ముందు నాలుగు వింటర్ టైర్లకు డబ్బు పక్కన పెట్టండి. ఆ తర్వాత ఇంకా మిగిలితే ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఆలోచించండి.

మీరు చూస్తున్న చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ బలం ముందు రెండు చక్రాలకే వెళ్తుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో అది నాలుగింటికీ అందుతుంది. కారును తోసే పని నాలుగు చక్రాలూ పంచుకుంటాయి కాబట్టి మంచులో ఆగిన కారు సులువుగా కదులుతుంది, ఎత్తు మీద ఉన్న డ్రైవ్‌వే కూడా ఎక్కేస్తుంది. ఆ ఉపయోగాన్ని నేను కాదనను. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపాల్సి వచ్చినప్పుడు ఖరీదైన ఎస్‌యూవీకి పాత హోండా సివిక్ లాంటి చిన్న కారు కన్నా ఆ విషయంలో ఎక్కువేమీ ఉండదు. ఆపేది రోడ్డును తాకే రబ్బరు. ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు మీ అరచేయంత, అంతే.

నాకు భయం కలిగించేది ఇంకొకటుంది. ముందు చక్రాలతో నడిచే కారు సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు కాస్త జారుతుంది. రోడ్డు బాగాలేదని అప్పుడే తెలిసిపోతుంది, మన కాలు దానంతటదే నెమ్మదిస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ హెచ్చరిక సరిగా అందదు. కారు ఏమీ కానట్టే 60కి చేరుకుంటుంది. రోడ్డు ఎంత జారుతోందో తెలిసేది ఎదురుగా ఎర్రలైటు పడి బ్రేకు నొక్కినప్పుడే.

మీరు ఇంజనీరింగ్ చదివినవాళ్లు, కాగితం తీసి లెక్క వేయండి. గంటకు 50 కి.మీ. వేగం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు ఉందో చెప్పే అంకె) 0.7 అనుకుంటే, బ్రేకు పట్టాక కారు సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద అది 0.2కి పడిపోతే 49 మీటర్లు. మంచి టైర్ల వల్ల 0.3 దొరికిందనుకోండి, 33 మీటర్లు. ఆ 16 మీటర్ల తేడాలో ఒక జీబ్రా క్రాసింగ్, దాని మీద నడుస్తున్న మనిషి ఉండొచ్చు. అదే 0.2 మీద వేగం 40కి తగ్గించి చూడండి, 31 మీటర్లు వస్తుంది. ఇంజన్ ఎన్ని చక్రాలను తిప్పుతోందన్న అంకె ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, గమనించారా?

మరి వింటర్ టైరులో ఏముంటుంది? ముఖ్యంగా రబ్బరు. మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడుతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేసరికే పట్టు తగ్గడం మొదలవుతుంది, అంటే మంచు పడకముందే. వింటర్ టైరు మైనస్ 20లో కూడా మెత్తగా ఉండేలా చేసిన రబ్బరు. షాపుకి వెళ్తే దాన్ని దగ్గరగా చూడండి. పెద్ద గాడుల మధ్య ఉన్న ఒక్కో దిమ్మ మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి వంకర గీతలు బోలెడు ఉంటాయి. బొటనవేలితో నొక్కి పక్కకి తోస్తే అవి విచ్చుకుంటాయి. మంచు మీద ఆ అంచులే కరిచి పట్టుకుంటాయి. గాడుల్లో ఇరుక్కున్న మంచు కూడా పనికొస్తుంది, ఎందుకంటే మంచు మంచుకు బాగా అతుక్కుంటుంది. ఇలాంటి టైర్లు మొదట 1934లో ఫిన్లాండ్‌లో లారీల కోసం తయారయ్యాయి.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. మంచు మీద పరీక్షించి పాసైన టైరుకే అది వేస్తారు. ఉత్త "ఎం ప్లస్ ఎస్" (M+S, అంటే బురద, మంచు) అని ఉంటే అది గాడుల తీరు గురించి చెప్పేదే, దాన్ని నమ్ముకోవద్దు. పాత టైర్లు చవగ్గా వస్తున్నాయంటే గాడుల లోతు కొలవండి. 4 మి.మీ. కన్నా తక్కువైతే ఎంత చవకైనా వద్దు. ముందుకి రెండే కొని వెనక పాతవి ఉంచుకోవడం అసలు చేయకండి. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో కారు గిర్రున తిరిగిపోతుంది.

మన పక్క రాష్ట్రం క్విబెక్‌లో రిజిస్టరైన కార్లకు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. మన ఒంటారియోలో అలాంటి చట్టం లేదు కాబట్టే చాలామంది వాయిదా వేస్తారు. కానీ 2016 నుంచి ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు వింటర్ టైర్లకు డిస్కౌంట్ ఇచ్చి తీరాలి. అడగడం మర్చిపోవద్దు.

గాలి కూడా చూసుకోవాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్) తగ్గుతుంది. సెప్టెంబర్‌లో నింపిన గాలి జనవరికి చాలదు. ఉదయం కారు తీయకముందే కొలవండి.

సున్నా దగ్గర్లో ఉన్న రోజున మరీ జాగ్రత్త. కరుగుతూ తడిగా ఉన్న ఐస్, మైనస్ 20లో ఎండిన ఐస్ కన్నా ఎక్కువ జారుతుంది. వంతెనలు ముందుగా గడ్డకడతాయి. అక్కడ స్టీరింగు గట్టిగా తిప్పడం, బ్రేకు తొక్కడం రెండూ ఒకేసారి చేయకండి.

షాపులో అపాయింట్‌మెంట్ అక్టోబర్‌లోనే తీసుకోండి. మొదటి మంచు పడ్డ మర్నాడు ఊరంతా అక్కడే ఉంటుంది. డిక్కీలో దుప్పటి, చిన్న పార, టార్చి పెట్టుకోండి. ఎప్పుడైనా మంచులో ఇరుక్కుపోయి వేడి కోసం ఇంజన్ ఆన్ చేయాల్సి వస్తే, ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఒక కిటికీ కాస్త దించి, ఇంజన్ కొద్దిసేపు నడిపి ఆపండి. మంచు పడుతూనే ఉంటే, మళ్లీ ఇంజన్ ఆన్ చేసే ముందు దిగి గొట్టం మళ్లీ చూడండి.

మీ పెదనాన్న