ఎన్‌హెచ్‌ఎస్‌లో పంటికి మాత్రం డబ్బెందుకు?

బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) కింద గుండె ఆపరేషన్ చేయించుకుంటే ఒక్క పౌండు కట్టక్కర్లేదు. అదే ఇంగ్లండ్‌లో పుచ్చిన పన్నుకు ఫిల్లింగ్ వేయించుకుంటే 2025 ఏప్రిల్ రేటు ప్రకారం 75.30 పౌండ్లు. నోటిని మిగతా ఒంటి నుంచి ఇలా విడదీయడానికి వైద్యపరమైన కారణమేదీ లేదు. ఖజానా లెక్కలు విడదీశాయి.

1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు పంటి వైద్యం కూడా పూర్తిగా ఉచితమే. ఏళ్ల తరబడి నొప్పి ఓర్చుకున్న జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. చాలామంది అడిగింది కట్టుడు పళ్లు. ఉన్నవాటిని కాపాడుకోవడం కంటే అన్నీ పీకించేసుకుని సెట్టు పెట్టించుకోవడమే నయమనుకునే కాలమది. ఇరవై ఏళ్ల తర్వాత 1968లో సర్వే చేసినా ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్దవాళ్లలో 37 శాతం మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. దంతవైద్యులకు ఎంత పనికి అంత ఫీజు గనుక ఖర్చు అంచనాలను దాటిపోయింది. 1949లోనే ప్రభుత్వం దంతవైద్యుల రాబడికి కోత పెట్టింది.

ఆ తర్వాత వంతు రోగులది. కొరియా యుద్ధంతో ఆయుధాల ఖర్చు పెరిగి, 1951 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి హ్యూ గెయిట్‌స్కెల్ కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు సగం ధర జనమే భరించాలన్నారు. ఎన్‌హెచ్‌ఎస్‌ను నిలబెట్టిన అనైరిన్ బెవన్ దీన్ని తట్టుకోలేక మంత్రి పదవి వదిలేశారు. ఆయనతోపాటు మరో మంత్రి హెరాల్డ్ విల్సన్ కూడా బయటికొచ్చారు. మరుసటి ఏడాది కన్జర్వేటివ్ ప్రభుత్వం మామూలు పంటి వైద్యానికి ఒక పౌండు చొప్పున పెట్టింది. 1968లో దాన్ని ఒకటిన్నర పౌండ్లు చేసింది మాత్రం విల్సన్ ప్రధానిగా ఉన్న ప్రభుత్వమే. 1971లో ఒకే రేటు పోయి, ఖర్చులో సగం అన్నారు. 1988లో అది 75 శాతమైంది, తర్వాత 80కి చేరింది. అప్పటిదాకా ఉచితంగా ఉన్న చెకప్‌కు 1989 జనవరి నుంచి డబ్బు తీసుకోవడం మొదలైంది. వీటన్నిటిలో ఎక్కువ నష్టం చేసింది ఈ చివరిదేనని చెప్పాలి. నొప్పి లేనివాళ్లు చూపించుకోవడానికి రావాలంటే ఆ గుమ్మం ఉచితంగా ఉండాలి.

1992లో ఫీజులను 7 శాతం తగ్గించడంతో చాలామంది దంతవైద్యులు ప్రైవేటు వైపు మళ్లారు. రెండేళ్లలో అందరికీ ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దొరుకుతారని 1999లో ప్రధాని టోనీ బ్లెయిర్ మాటిచ్చారు. అయినా 2004లో ఇంగ్లండ్‌లోని స్కార్‌బరోలో కొత్త క్లినిక్ తెరిస్తే పేరు నమోదుకు వందలమంది వీధిలో బారులు తీరారు.

2006 ఏప్రిల్‌లో ఇంగ్లండ్, వేల్స్‌లో దంతవైద్యులతో కొత్త ఒప్పందం వచ్చింది. అంతకుముందు 400కు పైగా పనులకు వేర్వేరు ధరలుండేవి, రోగి గరిష్ఠంగా 384 పౌండ్లు కట్టాల్సి వచ్చేది. వాటి బదులు మూడు బ్యాండ్లు పెట్టారు. చెకప్, ఎక్స్‌రే, అవసరమైతే క్లీనింగ్ ఒకటో బ్యాండు. ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను తీయడం రెండోది. క్రౌన్, బ్రిడ్జి, కట్టుడు పళ్లు మూడోది. ఒక విడత చికిత్సకు అన్నిటికంటే పై బ్యాండు రేటు ఒక్కటే కట్టాలి, కూడికలుండవు. రోగికి ఇది నిజంగా మేలే.

చిక్కు డాక్టరు వైపు లెక్కలో ఉంది. చేసిన పనిని యూనిట్లలో కొలిచి, వాటిని బట్టే డబ్బిస్తారు. ఒకటో బ్యాండుకు 1, రెండోదానికి 3, మూడోదానికి 12 యూనిట్లు. వీటినే యూడీఏలు (యూనిట్స్ ఆఫ్ డెంటల్ యాక్టివిటీ) అంటారు. మొదట్లో ఒక ఫిల్లింగ్ వేసినా ఆరు వేసినా మూడే యూనిట్లు కావడంతో, నోరంతా పాడైన రోగిని తీసుకుంటే క్లినిక్‌కు నష్టం వచ్చేది. 2022 నవంబరులో మూడు లేదా అంతకుమించి ఫిల్లింగులకు 5, దవడ పంటి రూట్ కెనాల్‌కు 7 యూనిట్లు చేశారు. అంటే ఆ తప్పు సరిదిద్దడం మొదలవడానికే పదహారేళ్లు పట్టింది. ఏటా ఒప్పుకున్న యూనిట్లలో 96 శాతం పూర్తికాకపోతే చేయని పని తాలూకు డబ్బు వెనక్కి లాగేసుకుంటారు.

రోగి కట్టే సొమ్ము డాక్టరుకు అదనపు రాబడి అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ప్రభుత్వం ఇవ్వాల్సిన దాంట్లోంచి తగ్గిపోతుంది. 2024లో ఇంగ్లండ్‌లో యూనిట్ కనీస ధర 28 పౌండ్లు చేశారు. ఆ ధర మీద నడిచే క్లినిక్‌కు ఒక ఫిల్లింగ్‌కు వచ్చేది 84 పౌండ్లు. ఆ ఏప్రిల్ రేటు ప్రకారం అందులో 73.50 రోగివే. చెకప్‌కు వచ్చే 28లో 26.80 రోగి జేబులోంచే. ఛార్జీ ఎంత పెంచినా కొత్త డాక్టరు ఎందుకు రావడం లేదో ఈ రెండు లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

వీసా మీద వెళ్లి హెల్త్ సర్‌ఛార్జీ కట్టినవాళ్లకూ ఇంగ్లండ్‌లో ఇవే రేట్లు. 18 ఏళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, కాన్పయిన 12 నెలల వరకు తల్లులకు, కొన్ని రకాల ప్రభుత్వ భృతి పొందేవాళ్లకు ఉచితం. యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి ఉన్నంత మాత్రాన చాలదు, ఆదాయం పరిమితి లోపల ఉండాలి. 60 దాటితే ఇంగ్లండ్‌లో మందులు ఉచితం గనుక పంటికీ అంతేననుకుని ఉచిత వైద్యం కోరే ఫారం మీద సంతకం పెట్టేవాళ్లున్నారు. మందుల చీటీ మినహాయింపు కార్డు ఉన్నవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు. రెండూ పంటి వైద్యానికి చెల్లవు. తప్పు గడిలో టిక్కు పెడితే అసలు ఛార్జీతోపాటు దానికి అయిదు రెట్లు, గరిష్ఠంగా 100 పౌండ్ల జరిమానా పడుతుంది. 28 రోజుల్లో కట్టకపోతే మరో 50.

ఆదాయం తక్కువున్నా ఏ భృతీ లేనివాళ్లు హెచ్‌సీ1 దరఖాస్తు పెట్టుకోవాలి. హెచ్‌సీ2 పత్రం వస్తే పూర్తి మాఫీ, హెచ్‌సీ3 వస్తే కొంత తగ్గింపు. ముందే కట్టేసి ఉంటే రసీదు జాగ్రత్త చేసుకుని, కట్టిన మూడు నెలల లోపు హెచ్‌సీ5(డీ) ఫారంతో వెనక్కి అడగవచ్చు. చికిత్స ముగిసిన రెండు నెలల లోపు అదే బ్యాండులోనో కింది బ్యాండులోనో మళ్లీ పని పడితే అదే క్లినిక్‌లో రెండోసారి కట్టనక్కర్లేదు. ఫిల్లింగో క్రౌనో ఏడాది లోపు ఊడిపోతే, వేసిన చోటే ఉచితంగా బాగు చేయాలి.