ప్రాణహిత లోయ ఎముకలు: ఒక కొత్త డైనోసార్ వెనుక ఉన్న పాత కథ

తెలంగాణ నేలలో దొరికిన ఒక మాంసాహార డైనోసార్‌కు 2025లో పేరు పెట్టారు. రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ అనే పరిశోధన పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. పేరు మలేరిరాప్టర్ కుట్టీ, వయసు సుమారు 22 కోట్ల ఏళ్లు. వార్త చదివినవాళ్లలో చాలామంది ఈమధ్యే ఎక్కడో తవ్వితే బయటపడిందని అనుకొని ఉంటారు. నిజానికి ఆ ఎముకలు అన్నారం గ్రామ పరిసరాల్లో దొరికి దశాబ్దాలు గడిచాయి. వాటిని సేకరించినది టి.ఎస్. కుట్టి అనే శాస్త్రవేత్త. జీవి పేరులో చివరనున్నది ఆయన పేరే. 2011లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ఈ ఎముకలను ప్రస్తావించింది గానీ, అప్పటికి పేరు పెట్టలేదు.

ఎముక దొరకడానికీ, దానికి పేరు రావడానికీ మధ్య ఇంత కాలం ఎందుకు పట్టింది? అది తెలియాలంటే ప్రాణహిత, గోదావరి నదుల లోయలో శిలాజాల వేట మొదలైన రోజులకు వెళ్లాలి.

ఈ లోయ మనకు సింగరేణి బొగ్గుతో పరిచయం. ఒకప్పుడు భూమి పొడవునా కుంగి ఏర్పడిన పల్లం ఇది. కోట్ల ఏళ్లపాటు నదులు ఇక్కడికి మట్టీ ఇసుకా తెచ్చి నింపుతూ వచ్చాయి. అడుగున బొగ్గు పొరలు, వాటికి చాలా పైన మలేరి పొరల ఎర్రమన్ను, ఆ పైన ధర్మారం, ఇంకా పైన కోట పొరలు. మలేరి పొరలు డైనోసార్లు పుట్టుకొస్తున్న ట్రయాసిక్ యుగం నాటివి. కోట పొరలు అవి భారీగా పెరిగిన జురాసిక్ యుగానివి. మొదటి డైనోసార్ల దగ్గర నుంచి మహాకాయాల దాకా కథంతా ఒకే లోయలో వరుసగా దొరకడం అరుదైన సంగతి. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

ఈ శిలాజాలను మొదట పట్టించుకున్నవాళ్లలో నాగపూర్‌లో ఉండిన స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఒకరు. 19వ శతాబ్దం నడుమ ఆయన సేకరించిన వాటిలో మలేరి దగ్గరి ఊపిరితిత్తి చేపల పళ్లు ఉన్నాయి. 1885లో శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ మలేరి సరీసృపాలను వర్ణించి, మొసలిని పోలిన ఒక జీవికి పారాసూకస్ హిస్లాపీ అని పేరు పెట్టాడు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ అంతకు కొన్నేళ్ల ముందే, 1881లో, ఈ లోయ భూగర్భ నిర్మాణంపై విపులమైన నివేదిక రాశాడు. ఆ తరువాత చాలా ఏళ్లు ఇక్కడ పెద్దగా పని జరగలేదు.

అసలు మలుపు 1957లో వచ్చింది. కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్తను పిలిపించారు. గణాంకాల సంస్థకు ఎముకలతో పనేమిటని ఇప్పుడు మనకు అనిపించవచ్చు. మహలనోబిస్‌కు మాత్రం కొలిచి చూడదగినదంతా శాస్త్రమే. రాబిన్సన్ ఇక్కడి యువకులకు పొరలను చదవడం, ఎముకను విరగకుండా తీయడం నేర్పింది. ఎస్.ఎల్. జైన్, తపన్ రాయ్ చౌధురి, శంకర్ చటర్జీ, కుట్టి అలా తయారైన తరమే. ధర్మారం పొరలను మిగతావాటి నుంచి వేరుగా గుర్తించింది కుట్టి.

ఆ బృందానికి పెద్ద ఫలితం ప్రాణహిత అవతలి ఒడ్డున, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరొంచ ప్రాంతపు పోచంపల్లి దగ్గర దక్కింది. దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు పొడవు మెడ శాకాహార డైనోసార్లవి, చెదిరి ఒకేచోట దొరికాయి. ఒక తొడ ఎముక పొడవు 1.7 మీటర్లు. వాటి మధ్య శిలగా మారిన చెట్ల మానులు కూడా ఉన్నాయి. వరదలో మంద చనిపోయి, కళేబరాలు మానులతోపాటు కొట్టుకువచ్చి ఆగాయని తరువాతి పరిశోధకులు భావించారు. పుర్రె మాత్రం దొరకలేదు, కొన్ని పళ్లు దొరికాయంతే. ఈ జాతి జంతువుల తల మెడకు బలంగా అతుక్కుని ఉండదు, ముందుగా ఊడిపోయేది అదే. తవ్వకం రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కాలంలో సాగింది కనుక 1975లో దీనికి బారాపాసారస్ టాగోరీ అని నామకరణం చేశారు. సుమారు 14 మీటర్ల ఆ అస్థిపంజరం కలకత్తా గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది మలేరి ఎర్రమన్నులోని మరో తవ్వకం. అక్కడ రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దాదాపు పూర్తిగా దొరికాయి. వాటిని శుభ్రం చేస్తుంటే పొట్ట ఉండాల్సిన చోట ఇంకో చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. రెండింటిలోనూ అంతే. చివరిగా మింగిన ఆహారం 22 కోట్ల ఏళ్లకు పైగా పొట్టలోనే ఉండిపోయిందన్నమాట. ఆ చిన్న జీవికి 1980లో చటర్జీ పెట్టిన పేరు మలేరిసారస్ రాబిన్సోనే, గురువు గౌరవార్థం.

హైదరాబాద్ వాసులకు తెలిసిన డైనోసార్ కథ వేరే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాళ్లు తవ్వి తీసిన ఎముకలకు పి. యాదగిరి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 భాగాలు. బిర్లా సైన్స్ సెంటర్‌లో పిల్లలు తలెత్తి చూసే అస్థిపంజరం ఇదే. దీనికీ పుర్రె దొరకలేదు.

పెద్ద ఎముకలకు వచ్చిన పేరు చిన్నవాటికి రాలేదు. రెబ్బెన దగ్గర పైకాసిగూడెంలో కోట పొరల బంకమట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క రేణువుగా ఏరారు. ఆవగింజంత పళ్లు, దవడ ముక్కలు బయటపడ్డాయి. బల్లి వర్గపు భారతగామ రెబ్బనెన్సిస్, న్యూజిలాండ్‌లో ఉండే బల్లిలాంటి సరీసృపం ట్వాటరాకు బంధువులైన రెబ్బనసారస్, గోదావరిసారస్ ఇలా తేలినవే. ఒక మండల కేంద్రం పేరు ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో రెండుసార్లు నిలిచిందని రెబ్బెన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక మలేరిరాప్టర్ విషయం. దొరికినవి ప్రధానంగా నడుము, తుంటి, తోక భాగాల ఎముకలు. హెర్రెరాసార్లు అనే తొలి మాంసాహార డైనోసార్ల కుటుంబానికి చెందినదని వాటి ఆకారం చెబుతోంది. అర్జెంటీనా, బ్రెజిల్‌లలో దొరికిన ఈ కుటుంబపు జీవులు దీనికన్నా పాతవి. ఆ తరువాత దక్షిణ ఖండాల్లో రింకోసార్ల వంటి శాకాహారులు అంతరించిపోయాయి. హెర్రెరాసార్లు ఆ దెబ్బను తట్టుకుని, కనీసం ఇప్పటి భారత భూభాగంలో, ఇంకొంత కాలం బతికాయని చెప్పే ఆధారం ఈ తుంటి ఎముకలే. కుట్టి తెచ్చినప్పుడు పోల్చి చూసేందుకు ఇన్ని నమూనాలు ప్రపంచంలో లేవు. అర్జెంటీనా శాస్త్రవేత్తలు, గణాంక సంస్థ పరిశోధకులు కలిసి కూర్చున్నాకే విషయం తేలింది.

ఈ ఆలస్యం ఇక్కడికే పరిమితం కాదు. కచ్ లిగ్నైట్ గనిలో 2005లో దొరికిన 27 వెన్నుపూసలను మొదట మొసలివి అనుకున్నారు. 2024లో అవి వాసుకి ఇండికస్ అనే మహాసర్పానివని ప్రకటించారు. భద్రపరచిన ఎముక ఎప్పటికైనా మాట్లాడుతుంది. పోగొట్టుకున్నదానికి ఆ అవకాశం లేదు. దేశంలో మొదట పేరు పెట్టిన డైనోసార్ టైటనోసారస్ ఇండికస్. 1828లో జబల్‌పూర్‌లో దొరికిన దాని తోకపూస మన సంస్థల అరల్లోనే కనిపించకుండా పోయి, 2012లో మళ్లీ దొరికింది.

ఇంత చరిత్ర ఉన్నా శిలాజాల రక్షణకు దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అధికారాలన్నీ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ చేతిలో ఉంచుతున్నారని, విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఇది ఆటంకమవుతుందని పలువురు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. అది చట్టం కాలేదు. ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉంది, కానీ వాటిని పరిష్కరించి ముందుకు వెళ్లాలే తప్ప బిల్లును అటకెక్కించడం సరికాదు. కొత్త ముసాయిదా వస్తే అందులో పొలంలో ఎముక కనిపించిన రైతు ఎవరికి చెప్పాలో, చెప్పినందుకు అతని భూమికి ఇబ్బంది రాదని ఎవరు హామీ ఇస్తారో స్పష్టంగా ఉండాలి. ఆసిఫాబాద్‌లోనో మంచిర్యాలలోనో ఈ జీవుల నకళ్లతో ఒక చిన్న మ్యూజియం పెట్టడానికి మాత్రం ఏ చట్టం కోసమూ ఆగనక్కరలేదు.