నొప్పి చెవిలో, జబ్బు దవడ కీలులో

చెవి పోటని వెళితే చెవి బాగానే ఉందని, పంటి నొప్పేమోనని వెళితే పన్నూ బాగానే ఉందని అనిపించుకుని తిరిగి వచ్చినవారిలో చాలామందికి ఆ రెండింటి నడుమ ఉన్న దవడ కీలు గుర్తుకు రాదు. చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే చర్మం కింద కదిలేది అదే. చెవి ముందుభాగానికీ ఈ కీలుకూ స్పర్శను అందించే నరం ఒకటే కావడం వల్ల, కీలులో పుట్టిన నొప్పి చెవిలో ఉన్నట్టు తోస్తుంది.

కింది దవడ ఎముక పైకొన కణత ఎముక గుంటలో ఇమిడి ఉంటుంది. రెండింటికీ మధ్య మెత్తని బిళ్ల ఒకటి ఉంటుంది. నోరు తెరవడం మొదలుపెట్టగానే ఆ కొన తలుపు బందులా ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే బిళ్లతో సహా ముందుకు జారుతుంది. బిళ్ల ముందువైపుకు చోటు తప్పి ఉంటే, ఎముక కొన తిరిగి దానిమీదికి ఎక్కే క్షణంలో ‘టక్’మని చప్పుడవుతుంది. నొప్పిలేని చప్పుడుకు సాధారణంగా వైద్యం అక్కరలేదు. అయితే ఎన్నాళ్లనుంచో ఉన్న చప్పుడు ఒకరోజు హఠాత్తుగా మాయమై, నోరు సగమే తెరుచుకుంటుంటే నయమైందని సంబరపడకూడదు. బిళ్ల ముందువైపే ఉండిపోయి ఎముకకు అడ్డుపడుతున్నదని అర్థం.

నిజానికి ఎక్కువమందికి బాధ కీలులో కంటే నమిలే కండరాలలోనే ఉంటుంది. నిద్రలో పళ్లు కొరికేవారికి, పగలంతా తెలియకుండా పళ్లు బిగించి ఉంచేవారికి పొద్దున లేవగానే కణతలు నొప్పి పెడతాయి, ఎండిన జొన్న రొట్టె నాలుగు ముక్కలు నమిలేసరికి దవడ అలసిపోతుంది.

1934లో జేమ్స్ కోస్టెన్ అనే అమెరికన్ చెవి, గొంతు వైద్యుడు ఇలాంటి లక్షణాలకు దంతాలు ఊడి కీలుపై ఒత్తిడి పడటమే కారణమన్నాడు. ఆ వివరణ తరువాత నిలబడలేదు. అందుకే దవడ నొప్పి పోవడానికని మంచి పళ్లను అరగదీయించుకోవడానికి, పీకించుకోవడానికి తొందరపడకూడదు.

నల్లగొండ, పాలమూరు వైపు నోరు తెరుచుకోవడం లేదనే వారిని ముందుగా అడగవలసిన ప్రశ్న గుట్కా, వక్క అలవాటు గురించి. పెద్దవారి నోరు సాధారణంగా 40 మిల్లీమీటర్లు, అంటే సొంత చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టేంత, తెరుచుకోవాలి. వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర పాలిపోయి, బిరుసెక్కి, కారం తగిలితే మంటపుట్టి, నోరు నెమ్మదిగా మూసుకుపోతుంది. ఇది కీలు జబ్బు కాదు. కొందరిలో క్యాన్సర్‌గా మారే స్థితి. చిన్నతనంలో గదవ నేలకు తగిలేలా పడిన పిల్లల్లో కీలు ఎముకలు అతుక్కుపోయి నోరు బిగుసుకుపోవడం మరో సంగతి; దానికి శస్త్రచికిత్స కావాలి.

మిగిలినవారిలో చాలామందికి కొన్ని వారాలపాటు గట్క, పప్పన్నం వంటి మెత్తని తిండి, గోరువెచ్చని కాపడం, ఆవలించేటప్పుడు గదవ కింద చేయి ఆనించడం వంటి జాగ్రత్తలతోనే ఉపశమనం కలుగుతుంది. అవసరమైతే దంత వైద్యులు రాత్రి పెట్టుకునే పంటి తొడుగు ఇస్తారు. నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలోని దంత వైద్య కళాశాలల్లో దీన్ని చూపించుకోవచ్చు. కానీ నడిచినా, బరువు మోసినా మొదలై, ఆగగానే తగ్గే దవడ నొప్పికి ముందు చేయించవలసింది గుండె పరీక్ష. దానితో చెమట, ఆయాసం, ఛాతీ బరువు ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.