రాస్ప్‌బెర్రీ పైకి పెద్ద చార్జర్ పెడితే సరిపోతుందా? అపోహలు – వాస్తవాలు

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. ఎస్‌డీ కార్డు మాటిమాటికీ పాడవుతుంది. యూఎస్‌బీ కెమెరా కాసేపు పనిచేసి మాయమవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఓఎస్ మళ్లీ ఎక్కించడం. దానికంటే ముందు బోర్డుకు పవర్ అందించే 5 వోల్ట్‌ల లైను చూడాలి. కింది లెక్కలు ఎక్కువగా దాని 4, 5 మోడళ్లవి (పై 4, పై 5).

అపోహ: 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్ ఉంది, పై 5కి అది ఎక్కువే.

చార్జర్ వెనక సన్నటి అక్షరాలు చదవండి. ఆ 65 వాట్లు 20 వోల్ట్‌ల దగ్గర, 3.25 ఆంపియర్లతో వచ్చేవి. 5 వోల్ట్‌ల వరసలో చాలా చార్జర్లకు 3 ఆంపియర్లే రాసి ఉంటుంది. పై 5 అడిగేది 5 వోల్ట్‌లే కాబట్టి దానికి అందేది 15 వాట్లు. బోర్డు తయారీదారు అమ్మే 27 వాట్ల అడాప్టర్ మాత్రం 5.1 వోల్ట్‌ల దగ్గరే 5 ఆంపియర్లు ఇస్తుంది. అంటే ఇక్కడ 27 ముందు 65 చిన్నది.

3 ఆంపియర్లతోనూ పై 5 బూట్ అవుతుంది, చిక్కంతా యూఎస్‌బీ పోర్టుల దగ్గరే. చార్జర్ 5 ఆంపియర్లు ఇస్తానని ఒప్పుకుంటే నాలుగు పోర్టులకూ కలిపి 1.6 ఆంపియర్లు వదులుతుంది, లేకపోతే 600 మిల్లీఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ తగిలించగానే ఊడిపోయేది ఇందుకే. మామూలు సెట్టింగ్‌లో యూఎస్‌బీ డ్రైవ్ నుంచి బూట్ కూడా కాదు. రిబ్బన్ కెమెరా, రెండు సెన్సార్లు తప్ప ఏమీ లేని బోర్డుకైతే 3 ఆంపియర్ల మంచి అడాప్టర్ చాలు, డబ్బు దండగ చేసుకోకండి.

అపోహ: కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక లైను మారిస్తే కరెంట్ పెరుగుతుంది.

'యూఎస్‌బీ మ్యాక్స్ కరెంట్ ఎనేబుల్' (usb_max_current_enable) లైనును 1 చేస్తే పోర్టుల మీది పరిమితి మాత్రమే తొలగుతుంది. చార్జర్ మునుపు ఇచ్చిందే ఇస్తుంది. 600 దగ్గర ఆగాల్సిన డిస్క్ ఇప్పుడు బోర్డు మొత్తాన్నీ కిందికి లాగుతుంది.

ఈ సెట్టింగ్‌లు నిజంగా అవసరమయ్యే చోటు వేరే ఉంది. 5 ఆంపియర్లు ఇవ్వగల ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంట్‌ను డీసీగా మార్చే పవర్ సప్లై) నుంచో, బక్ కన్వర్టర్ (వోల్టేజ్ తగ్గించే చిన్న సర్క్యూట్) నుంచో జీపీఐఓ పిన్నుల (బోర్డు మీది పిన్నుల వరస) ద్వారా పవర్ ఇస్తుంటే, అది బోర్డుతో పీడీ భాషలో, అంటే ఎంత పవర్ ఇవ్వగలదో చార్జర్ బోర్డుకు చెప్పే పద్ధతిలో, మాట్లాడలేదు. అప్పుడు ఈఈప్రామ్ కాన్ఫిగ్ (బోర్డు మీది చిప్‌లో ఉండే బూట్ సెట్టింగ్‌లు) తెరిచి 'పీఎస్‌యూ మ్యాక్స్ కరెంట్' లైనుకు 5000 ఇచ్చి రీబూట్ చేయాలి. లైను పేరు మొత్తం క్యాపిటల్ అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్‌లు. కనెక్షన్ 2 లేదా 4వ పిన్నుకు 5 వోల్ట్‌లు, 6వ పిన్నుకు గ్రౌండ్. కన్వర్టర్ స్క్రూ తిప్పి, మల్టీమీటర్‌లో 5.1 కనపడ్డాకే వైరు తగిలించాలి. తగిలించాక సర్దుదామనుకుంటే బోర్డు మీద ఆశ వదులుకోవచ్చు.

అపోహ: ఫోన్ చార్జ్ అవుతోందిగా, కేబుల్ బాగానే ఉంది.

వోల్టేజ్ తగ్గితే ఫోన్ తీసుకునే కరెంట్ తగ్గించుకుంటుంది, చార్జింగ్ ఓ అరగంట ఆలస్యమవుతుంది, అంతే. బోర్డుకు ఆ వెసులుబాటు లేదు.

లెక్క చూడండి. 28 గేజ్ రాగి వైరు మీటరుకు సుమారు 0.21 ఓమ్. కరెంట్ వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబుల్‌లో 0.42 ఓమ్. 1.5 ఆంపియర్లు లాగితే 0.63 వోల్ట్‌లు కేబుల్‌లోనే పోతాయి. 5.1తో బయలుదేరింది బోర్డు చేరేసరికి 4.47. పై బోర్డు 4.63 వోల్ట్‌ల చుట్టుపక్కలే హెచ్చరిక మొదలుపెడుతుంది. అదే లావుపాటి 20 గేజ్ వైరైతే 3 ఆంపియర్లకు కూడా 0.2 వోల్ట్‌లే పోతుంది.

కేబుల్ తొడుగు మీద '28 ఏడబ్ల్యూజీ 1పీ, 24 ఏడబ్ల్యూజీ 2సీ' లాంటి రాత ఉంటే, 1పీ పక్కనున్నది డేటా జత, 2సీ పక్కనున్నది పవర్ వైర్లు. మనకు కావాల్సింది రెండోది. ఏడబ్ల్యూజీ అంటే గేజే, సంఖ్య తగ్గేకొద్దీ వైరు లావు. అల్లిక తొడుగు చూసి లావనుకోకండి, లోపల రాగి వెంట్రుకంతే ఉండొచ్చు. కేబుల్ అతుక్కునే వచ్చే అడాప్టర్‌తో ఈ గొడవే లేదు.

అపోహ: మల్టీమీటర్‌లో 5.08 వస్తోంది, సప్లైలో లోపం లేదు.

లోడ్ లేనప్పుడు నాసిరకం అడాప్టర్ కూడా 5.08 చూపిస్తుంది. నాలుగు కోర్లనూ స్ట్రెస్ టూల్‌తో పరిగెత్తించి, డిస్క్‌లో ఏదైనా రాయిస్తూ, 2వ, 6వ పిన్నుల మధ్య కొలవాలి. అప్పుడైనా మీటర్ సెకనుకు రెండు మూడు సార్లే చదువుతుంది, మిల్లీసెకన్ల పాటు పడి లేచే వోల్టేజ్ దానికి చిక్కదు. బోర్డుకు చిక్కుతుంది. బోర్డు స్థితి చెప్పే వీసీజెన్‌కమాండ్ (vcgencmd) టూల్‌తో 'గెట్ థ్రాటిల్డ్' (get_throttled) అడగండి. 0 వస్తే మంచిదే. హెక్స్‌లో 50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ పడి, వేగం తగ్గింది. 50005 అయితే ఇప్పుడూ అదే పరిస్థితి. రీబూట్ చేస్తే ఈ గుర్తులు చెరిగిపోతాయి, కాబట్టి రాత్రంతా నడిపి పొద్దున చూడండి.

వోల్టేజ్ తగ్గిందని చెప్పే స్క్రీన్ మీది మెరుపు గుర్తును కాన్ఫిగ్‌లో దాచేయమనే సలహాలు కూడా తిరుగుతుంటాయి. గుర్తు పోతుంది, జబ్బు ఉంటుంది.

అపోహ: 5 ఆంపియర్ల అడాప్టర్ చిన్న బోర్డును కాల్చేస్తుంది.

కాల్చదు. కరెంట్ ఎంత కావాలో బోర్డే లాక్కుంటుంది. ఫాస్ట్ చార్జర్ 9 వోల్ట్‌లు తోసేస్తుందన్న భయమూ అనవసరం, అవతలివైపు అడగనిదే అది 5 దాటదు.

అపోహ: మంచి టైప్-సీ కేబుల్‌తో పై 4 వెలగలేదు, బోర్డు పోయింది.

2019లో వచ్చిన మొదటి పై 4 బోర్డుల్లో, రెండు సీసీ పిన్నులకూ (అవతల ఏం తగిలిందో చార్జర్‌కు తెలిపే టైప్-సీ పిన్నులు) వేర్వేరుగా ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక్కటే ఉంది. ఈ-మార్కర్ చిప్ (కేబుల్ సామర్థ్యం చెప్పే చిప్) ఉన్న ఖరీదైన కేబుల్ పెడితే చార్జర్ బోర్డును ఆడియో అడాప్టర్ అనుకుని పవర్ ఇవ్వదు. చిప్ లేని మామూలు కేబుల్ పెట్టండి, వెలుగుతుంది. తర్వాతి రివిజన్‌లో సరిచేశారు.

అపోహ: పవర్ బ్యాంక్ చార్జింగ్‌లో పెట్టి వాడితే అదే యూపీఎస్.

కరెంట్ పోయినప్పుడో, వచ్చినప్పుడో చాలా పవర్ బ్యాంక్‌ల అవుట్‌పుట్ ఒక్క క్షణం ఆగి వస్తుంది. ఫోన్‌కు తెలియదు, బోర్డు రీస్టార్ట్ అవుతుంది. కొనేముందు వీలైతే బోర్డు మీద లోడ్ పెట్టి, పదిసార్లు గోడ ప్లగ్ పీకి పెట్టి, అప్‌టైమ్ (బోర్డు ఆగకుండా ఎంతసేపు నడిచిందో) చూడండి. పై జీరో లాంటి తక్కువ కరెంట్ బోర్డులకు ఇంకో బెడద: ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంక్‌లు వాటంతటవే ఆరిపోతాయి.

ఎంతసేపు వస్తుందన్నది కూడా డబ్బా మీది అంకెతో తేలదు. 10,000 ఎంఏహెచ్ లోపలి సెల్ 3.7 వోల్ట్‌ల దగ్గరి లెక్క, అంటే 37 వాట్ అవర్. 5 వోల్ట్‌లకు మార్చడంలో పోయేది 15 శాతం అనుకుంటే మిగిలేది 31. సగటున 5 వాట్లు తాగే పై 4కి అది ఆరు గంటలు.