పాత ఎడిషన్ పుస్తకం ఉంది, ఆడే నలుగురేరి?

చదరంగం ఆడదామని పిలిస్తే ఏ చదరంగం అని ఎవరూ అడగరు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అంటే, డన్జన్ మాస్టర్ అనే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో తలో పాత్ర (క్యారెక్టర్) అయి పాచికలు వేస్తూ ఆడే ఆట. అది ఆడదామంటే మాత్రం మొదట వచ్చే ప్రశ్న అదే: ఏ ఎడిషన్? 1981 నాటి బేసిక్ సెట్ అనో, 1989 నాటి రెండో ఎడిషన్ అనో చెప్పగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆట బాగుండదని కాదు, అది తమకు తెలిసిన ఆట కాదని.

మొదట్లో ఈ సమస్యే లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట మూడు చిన్న పుస్తకాలున్న ఒక పెట్టె. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులో చెప్పకుండా వదిలేసినవి ఎన్నో ఉండేవి కాబట్టి, చాలామంది చదివి కాదు, ఆడేవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. 1977 నుంచి బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు దారులు పడ్డాయి. అయినా వాటి మధ్య దూరం తక్కువే. ఒకదానికి రాసిన సాహసాన్ని, అంటే ఆడించడానికి రాసిపెట్టిన కథను, చిన్న చిన్న మార్పులతో ఇంకోదానిలో ఆడించేవారు. 1989లో రెండో ఎడిషన్ వచ్చినా ఆ చుట్టరికం తెగలేదు.

తెగింది 2000లో. ఆటను ప్రచురిస్తూ అప్పుల్లో కూరుకుపోయిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. మూడేళ్లకు వాళ్లు తెచ్చిన మూడో ఎడిషన్ ఆటను పునాదుల నుంచి మళ్లీ కట్టింది. అంతకుముందు పాత్రను కొట్టడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్ అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరిగేది; ఇప్పుడు అంకె పెరిగితేనే రక్షణ. దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో చెప్పే, తరాల ఆటగాళ్లు నోటికి నేర్చుకున్న థాకో లెక్క పోయింది. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి వేసే సేవింగ్ త్రోలు ఐదు రకాల నుంచి మూడయ్యాయి. పాత సాహసం ఆడించాలంటే కూర్చుని మార్చి రాసుకోవాల్సి వచ్చింది.

నియమాల కన్నా పెద్ద దెబ్బ మనుషుల దగ్గర తగిలిందని నేననుకుంటాను. కంపెనీ మద్దతుతో నడిచే బహిరంగ ఆటలు ఎప్పుడూ అప్పటి ఎడిషన్‌లోనే నడుస్తాయి. 2000లో మొదలైన లివింగ్ గ్రేహాక్ అనే భారీ ఉమ్మడి క్యాంపెయిన్ (ఒకే కథాలోకంలో సాగే సాహసాల వరుస) 2008లో, నాలుగో ఎడిషన్ వచ్చిన ఏడాదే ముగిసింది. కొత్తవాళ్లు అడుగుపెట్టే గుమ్మం అలాంటి చోట్లే ఉంటుంది. ఎడిషన్ మారిన ప్రతిసారీ ఆ గుమ్మం కూడా జరిగిపోయింది.

2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ తన పీడీఎఫ్‌ల అమ్మకం ఆపేసింది, పాత ఎడిషన్లవి కూడా. అవి తిరిగి దొరికింది 2013 జనవరిలో. అదే 2009లో పైజో కంపెనీ మూడో ఎడిషన్ నియమాలను పాత్‌ఫైండర్ పేరుతో కొనసాగించింది. నాలుగో ఎడిషన్ నచ్చనివాళ్లు గుంపులుగా అటు వెళ్లారు. పుస్తకం అంగట్లో ఉన్నచోటే ఆడేవాళ్లు నిలుస్తారనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనపడదు.

అంతకన్నా పాత ఆటలను కాపాడింది అభిమానులే. ఆట నియమాలను ఇతరులు వాడుకోనిచ్చే 2000 నాటి ఓపెన్ గేమ్ లైసెన్సును ఆధారం చేసుకుని పాత నియమాలను తమ మాటల్లో తిరగరాశారు: 2006లో ఓస్రిక్, 2007లో ల్యాబిరింత్ లార్డ్, 2008లో స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీ. 1981 నాటి ఆటను చక్కగా అమర్చి రాసిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ 2019లో వచ్చింది. పుస్తకాల కరువు తీరింది, కానీ పేర్లు పెరిగాయి. ఒకరు బేసిక్ ఆడేవాళ్ల కోసం చూస్తుంటారు, ఇంకొకరు ఎసెన్షియల్స్ ఆడేవాళ్ల కోసం. దాదాపు ఒకే ఆట ఆడాలనుకునే ఇద్దరూ ఒకరికొకరు తగలరు.

అన్ని ఆటలదీ ఇదే కథ కాదు. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హూ అనే ఇలాంటి ఆటే ఏడో ఎడిషన్‌కు వచ్చినా ఎనభైల నాటి సాహసాలను కొద్దిపాటి సర్దుబాటుతో ఇప్పటికీ ఆడించొచ్చు. అక్కడ పాత పుస్తకం పట్టుకొచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు.

2012లో మొదలైన రోల్20 లాంటి ఆన్‌లైన్ టేబుళ్లు దూరాన్ని చెరిపేశాయి. ఒక నగరంలో దొరకని నలుగురు నాలుగు దేశాల నుంచి దొరుకుతారు. కానీ 2014 నాటి ఐదో ఎడిషన్‌తో లోపలికి వచ్చిన లక్షల మందికి ఆటంటే అదే. క్యారెక్టర్‌ను ఎవరికి వాళ్లు ఇంట్లో తీర్చిదిద్దుకుని, నియమాలు చదివి రావడం వాళ్ల అలవాటు. అందుకే పాత ఎడిషన్ అనగానే మరో లావుపాటి పుస్తకం చదవాలేమోనని టెన్షన్ పడతారు.

నిజానికి పాత ఆట అలా కట్టిందే కాదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దాడి పట్టికలు అసలు లేవు. అవి 1979లో వచ్చిన డన్జన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్నాయి. ఆటగాడు పాచిక వేసి అంకె చెప్తే చాలు, తగిలిందో లేదో మాస్టర్ చూసుకుంటాడు. బేసిక్ ఆటలోనైతే ఆరు లక్షణాలకు పాచికలు వేసి, ఒక క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి రకం) ఎంచుకుని, ఉన్న బంగారంతో కత్తీ తాడూ కాగడా కొనుక్కుంటే క్యారెక్టర్ సిద్ధం. కాబట్టి ఆ ఎడిషన్ తెలిసినవాళ్ల కోసమే నెలల తరబడి వెతకనక్కర్లేదు. బల్ల దగ్గర అది తెలిసి ఉండాల్సింది ఒక్క మాస్టరుకే.